వాపు నొప్పియు, హార్మోనులును

2006వ సంవత్సరమున చికున్‌గున్యా జ్వరము నాటి ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమున విస్తారముగా వ్యాపించిన సంగతిని మన పాఠకులలో పెద్దవారు మరచియుండరు. జ్వరము కొలది దినములలో తగ్గినను కీళ్ల నొప్పి పట్టిన పట్టు విడువలేదు. ఒక్క యింటనే యిద్దరికి ఆ జ్వరము వచ్చి, ఒకరు పక్షము దినములలో లేచి పనికి పోవుటయు, మరియొకరు ఆరు మాసములు గడచినను నీళ్ల చెంబు ఎత్తలేకుండుటయు పలుచోట్ల జరిగినది. ఇట్లు నొప్పి నిలిచిపోయిన వారిలో స్త్రీలు ఎక్కువయని పలు దేశముల పరిశీలనలు తెలుపుచున్నవి. వయస్సు, అంతకు ముందే యున్న కీళ్ల జబ్బు మొదలగు కారణములు గూడ నందు గలవు. అయినను మన యిండ్లలో దీనికి చెప్పు కారణము వేరు. "ఆమెకు ఓర్పు లేదు" అందురు; "పని తప్పించుకొనుటకు అట్లనుచున్నది" అనియు నందురు. ఈ మాట యెంతవరకు నిజమో, నొప్పిని మోయు నాడుల లోపలికి చూచి శాస్త్రజ్ఞులు తెలిసికొనిన విషయములను బట్టి విచారింపదలచితిమి.

దెబ్బ తగిలిన చోటను, సూక్ష్మజీవులు చొచ్చిన చోటను శరీరము చేయు పోరాటమునకు వైద్యులు శోథ యని పేరు పెట్టిరి; మనము వాడుకగా వాపు అందుము. ఎరుపు, వాపు, వేడి, నొప్పి యను దాని నాలుగు గుర్తులను రోమను గ్రంథకర్త సెల్సస్ సుమారు 2000 సంవత్సరముల క్రిందటనే వ్రాసియుంచెను. మొదటి మూడును రక్తనాళములు వెడల్పగుట వలనను, వానినుండి నీరును తెల్లకణములును వెలుపలికి వచ్చుట వలనను కలుగును. నాల్గవది నాడుల పని. ముల్లు గ్రుచ్చుకొనిన క్షణమున కలుగు నొప్పి వేరు. ఆ ముల్లు లోపలనే నిలిచి మరునాడు వాచినప్పటి నొప్పి వేరు. మొదటిది హెచ్చరించి పోవును. రెండవది ఆ చోటి స్వభావమునే మార్చును. దుప్పటి అంచు తగిలినను ప్రాణము పోవునట్లుండును. గోరువెచ్చని నీరు సయితము కాల్చినట్లుండును. ఈ వ్యాసమున ముఖ్యముగా చెప్పబోవునది ఈ రెండవ నొప్పిని గూర్చియే.

చేతినుండియు కాలినుండియు వార్తలు తెచ్చు జ్ఞాననాడీకణముల దేహములు చేతిలో గాని కాలిలో గాని లేవు. అవి వెన్నుపామునకు ఇరుప్రక్కల, వెన్నుపూసల సందులలో, చిన్న ముడులుగా గుమిగూడి యున్నవి. ఒక్కొక్క కణమునుండి సన్నని తంతువు బయలుదేరి రెండుగా చీలును. ఒక శాఖ చర్మమునకో కీలునకో పోవును; రెండవది వెన్నుపాములో ప్రవేశించును. కాలి బొటనవ్రేలి వరకు పోవు తంతువు ఎదిగిన మనుష్యునిలో ఇంచుమించు ఒక మీటరు పొడవుండును. కణదేహపు అడ్డుకొలతయో, ఒక మిల్లీమీటరులో సుమారు ముప్పదవ వంతు మాత్రమే. ఈ లెక్క పిల్లలకు బోధపడవలెనన్న, కణమును నిమ్మకాయంతగా భావించి అమీన్‌పూర్ చెరువుకట్టపై నుంచుడు. అప్పుడు దానినుండి బయలుదేరు దారము ఒక కిలోమీటరు దాటి పోవలసి వచ్చును. వార్త పోవు వేగము గూడ అన్ని తంతువులయందు సమానము కాదు. చురుక్కుమను తొలి నొప్పిని తెచ్చు తంతువులకు పలుచని కొవ్వుపొర యున్నది. వానిలో వార్త సెకనుకు 5 మొదలు 30 మీటర్ల వరకు పోవును. మంటను, సలుపును తెచ్చు తంతువులకు ఆ పొర లేదు. వానిలో వేగము సెకనుకు సుమారు ఒక మీటరు, అనగా మనుష్యుని నడకకన్న హెచ్చు కాదు. వాపు నొప్పి యెక్కువగా ఈ మందగమనముగల తంతువుల మీదుగానే వచ్చును.

ఎండుమిరపకాయలు దంచిన చేతులు రాత్రి వరకు మండుట మన తల్లులందరు ఎరిగినదే. చేయి కాలలేదు, పుండు పడలేదు. మంట మాత్రము నిజము. మిరపలోని కాప్సైసిన్ అను పదార్థము నొప్పినాడుల కొనలయందున్న ఒక ద్వారమును తెరచును. 1997లో అమెరికాలో డేవిడ్ జూలియస్ అను శాస్త్రజ్ఞుని పరిశోధనాలయమువారు ఆ ద్వారపు జన్యువును పట్టుకొనిరి. దానిని ఇప్పుడు టీఆర్‌పీవీ1 అందురు. జూలియస్ గారికి, స్పర్శద్వారములను కనిపెట్టిన ఆర్డెమ్ పటపూటియన్ గారికి కలిపి 2021లో నోబెల్ బహుమానము లభించెను. వింత యేమనగా, ఆ ద్వారమే సుమారు 43 డిగ్రీల సెల్సియస్ వేడికి గూడ తెరచుకొనును. నిప్పునకును మిరపకును మన పూర్వులు మంట యను ఒక్క మాటనే వాడిరి. అది ఉపమానమని మేమును అనుకొనుచుండెడివారము. చూడగా అది శరీరధర్మమే.

వాచిన చోట దెబ్బతిన్న కణములును, పోరాటమునకు వచ్చిన తెల్లకణములును ప్రోస్టాగ్లాండిన్లు, బ్రాడికైనిన్, నాడీవృద్ధి ద్రవ్యము మొదలగు రసములను విడుచును. అవి నాడికొనను తాకినప్పుడు లోపల కొన్ని ఎంజైములు మేల్కొని, పైన చెప్పిన ద్వారమునకు ఫాస్ఫేటు కణికలను అతికించును. అందుచే తలుపు గడియ వదులైనట్లగును. 43 డిగ్రీలకు తెరచుకొనవలసిన ద్వారము 37 డిగ్రీల దేహోష్ణమునకే తెరచుకొనవచ్చును. అనగా వాచిన వ్రేలిని ఎవరును ముట్టకున్నను, దాని స్వంత వెచ్చదనమే దానిని మండించును. 1971లో ఇంగ్లండు దేశీయుడగు జాన్ వేన్, ఆస్పిరిన్ ఈ ప్రోస్టాగ్లాండిన్ల తయారీని ఆపివేయునని చూపి, 1982లో నోబెల్ బహుమానమున భాగము పొందెను. మన సంగారెడ్డి జిల్లా బొంతపల్లిలో టన్నులకొలది తయారగు పారాసెటమాల్ ఆస్పిరిన్ జాతిది కాదు. అది నొప్పిని, జ్వరమును తగ్గించును గాని వాపును అంతగా తగ్గింపదు.

ఇంతవరకు చెప్పినది వాచిన చోటి కథ. ఇక దూరపు గ్రంథులనుండి వచ్చు వార్తలను గూర్చి చెప్పవలసియున్నది. 1905లో లండనులో స్టార్లింగ్ అను ఆచార్యుడు హార్మోను అను పేరును లోకమునకు పరిచయము చేసెను. పురికొల్పునది యని ఆ గ్రీకు మాట కర్థము. హార్మోను రక్తమున గలిసి శరీరమంతట తిరుగును. కాని అన్ని కణములును దానికి బదులు చెప్పవు. ఊరిలో దండోరా అందరికిని వినబడును. పేరు పిలువబడినవాడే కచేరికి పోవును. అట్లే ఏ కణమున ఆ హార్మోనునకు తగిన గ్రాహకము గలదో, ఆ కణమే దాని మాట వినును. గ్రాహకము ఒక మాంసకృత్తు. కొన్ని కణము లోపల నుండి, హార్మోను అతుకుకొనగానే జన్యువులపై పనిచేసి కణపు స్వభావమును మార్చును. దీనికి గంటలు, దినములు పట్టును. మరికొన్ని కణపు పొరపై నుండి నిమిషములలో పని జరిపించును. చాలకాలము వైద్యులు నాడిని ఊరకే వార్త మోయు తీగెగా ఎంచిరి. నాడీకణముల లోపలను, వాని పొరపైనను హార్మోను గ్రాహకములు కనబడిన పిమ్మట ఆ తలంపు మారినది. తీగె తాను మోయు వార్తను పెంచుటయు తగ్గించుటయు గూడ చేయుచున్నది.

అండాశయములు స్రవించు ఈస్ట్రోజెనునకు గ్రాహకములు గర్భాశయము మొదలగు చోట్లనే యుండునని పూర్వ మెంచిరి. తరువాత వెన్నుపాము ప్రక్కనున్న నాడీముడులలో గూడ ఆల్ఫా, బీటా యను రెండు రకములును, పొరపై మరియొక రకమును కనబడెను. ఈస్ట్రోజెను నొప్పిని పెంచునా, తగ్గించునా యని విద్యార్థులు మమ్ము అడుగుదురు. ఒక్క మాటలో బదులు చెప్పుటకు వీలు లేదు. ఏ గ్రాహకమునకు తగిలినది, ఎంత మోతాదు, ఎంత కాలము, హార్మోను ఎక్కుచున్నదా దిగుచున్నదా యను వానిని బట్టి ఫలితము మారును. పార్శ్వపు తలనొప్పి చిన్నపిల్లలలో ఆడ మగ యను భేదము లేక ఇంచుమించు సమానముగా నుండి, యౌవనము వచ్చిన పిమ్మట స్త్రీలలో రెండు మూడింతలగుటయు, ఆ హార్మోను పడిపోవు నెలసరి దినములకు ముందు పలువురికి హెచ్చుటయు ఇందుకు తార్కాణము.

ఈ సంగతులు ఇంత ఆలస్యముగా ఏల తెలిసినవి? నొప్పిని గూర్చిన ప్రయోగములు చాలవరకు మగ ఎలుకలపైననే జరుగుచు వచ్చినవి. ఆడ ఎలుకల హార్మోనులు దినదినము మారుచుండును గనుక లెక్క చెడునని పరిశోధకులు వానిని విడిచిపెట్టిరి. ఏది తెలిసికొనవలసియున్నదో దానినే అడ్డమని తొలగించిరన్న మాట! 2016 మొదలుకొని అమెరికా జాతీయ ఆరోగ్యసంస్థ, తాము ధనమిచ్చు ప్రయోగములలో ఆడ మగ భేదమును లెక్కలోనికి తీసికొనవలెనని నియమము పెట్టినది.

ఆ మార్పునకు ఫలములలో ముఖ్యమైన దొకటి 2024లో అమెరికాలోని అరిజోనా విశ్వవిద్యాలయమున ఫ్రాంక్ పొరెకా బృందము ప్రకటించినది. వారు చిట్టెలుకలు, కోతులు, మరణానంతరము దానమీయబడిన మనుష్యులు, ఈ మూడు జాతుల నాడీముడులనుండి నొప్పికణములను తీసి గాజుపాత్రలలో నుంచిరి. ఎంత విద్యుత్తు ఇచ్చిన కణము పలుకునో ముందు కొలిచిరి. పిమ్మట ప్రొలాక్టిన్ అను హార్మోనును చేర్చి మరల కొలిచిరి. ఇది పీయూష గ్రంథినుండి వచ్చి తల్లికి పాలు కలిగించు హార్మోను. మనస్సునకు క్లేశము కలిగినప్పుడు గూడ హెచ్చును. స్త్రీజాతి కణములు ఇదివరకటికన్న తక్కువ విద్యుత్తుకే పలికినవి. పురుషజాతి కణములలో ఆ మార్పు రాలేదు. ఒరెక్సిన్ బి యను వేరొక ద్రవ్యమును చేర్చగా, పురుషజాతి కణములే సులభముగా పలికినవి, స్త్రీజాతివి మారలేదు. ఇచ్చట మెదడు లేదు, మనస్సు లేదు, ఓర్పు లేదు, నటన లేదు. గాజుపాత్రలో ఒక్క కణము మాత్రమే యున్నది. మొదట చెప్పిన ఇంటి మాటకు దీనికన్న స్పష్టమగు ప్రత్యుత్తరము మాకు కానరాదు. పురుషులకు నొప్పి తక్కువయని గాని, వారు దానిని ఓర్చుకొనుటలో గొప్పవారని గాని దీనికర్థము కాదు. ఇరువురి నొప్పినాడుల గడియలును వేరువేరు తాళపుచెవులకు వదులగుచున్నవని యర్థము.

హార్మోనులు నొప్పిని తగ్గించుటయు కలదు. అమెరికాలోని మేయో వైద్యశాలయందు ఫిలిప్ హెంచ్ అను వైద్యుడు కీళ్లవాత రోగులను చూచుచు రెండు వింతలు గమనించెను. కామెర్లు వచ్చిన రోగులకు కీళ్ల నొప్పి తగ్గుచుండెను. గర్భవతులైనవారికిని తగ్గి, ప్రసవానంతరము మరల వచ్చుచుండెను. స్త్రీల దేహస్థితిని అడ్డముగా నెంచి త్రోసివేయక, దానినే ప్రశ్నగా తీసికొనుట ఈయన గొప్పతనము. ఏదో ఒక సహజద్రవ్యము రోగమును అణచుచున్నదని ఊహించి, పెక్కేండ్లు వెదకెను. అక్కడనే యున్న ఎడ్వర్డ్ కెండల్ అధివృక్క గ్రంథులనుండి వేరుచేసిన ద్రవ్యములలో ఒకదానిని 1948 సెప్టెంబరులో మంచముపట్టిన ఒక యువతికి సూదిద్వారా ఇచ్చిరి. కొన్ని దినములలోనే ఆమె లేచి నడచెను. దానికే పిమ్మట కార్టిసోన్ అని పేరు వచ్చినది. హెంచ్, కెండల్, స్విట్జర్లండు శాస్త్రజ్ఞుడు రైక్‌స్టైన్, ఈ మువ్వురకును 1950లో నోబెల్ బహుమానము వచ్చెను.

మన దేహమున సహజముగా నుండు కార్టిసాల్ అను హార్మోను ఈ జాతిదే. తెల్లకణములలోని గ్రాహకములకు తగిలి ప్రోస్టాగ్లాండిన్లు మొదలగువాని తయారీని తగ్గించును. జ్ఞాననాడీకణములలో గూడ దీనికి గ్రాహకములు గలవు. ఇది తెల్లవారుజామున హెచ్చి, అర్ధరాత్రి ప్రాంతమున అతి తక్కువగా నుండును. రాత్రివేళ శోథ కలిగించు ద్రవ్యములు పైచేయి పొందుటచేతనే కీళ్లవాతముగలవారికి ఉదయమున వ్రేళ్లు కొయ్యబారియుండి, ప్రొద్దెక్కినకొలది సడలును. పటాన్‌చెరు, పాశమైలారము, బొల్లారము కర్మాగారములలో వారము మార్చి వారము రాత్రి డ్యూటీ చేయువారు మన పిల్లల తండ్రులలో ననేకులు. దేహపు గడియారము డ్యూటీ మారిన దినముననే మారదు. అందుకు దినములు పట్టును. నిద్రలేమి నొప్పిని హెచ్చించుననుట గూడ పరీక్షలలో తేలిన విషయము. ఇంటిలో పగలు నిద్రించు తండ్రియొద్ద సందడి చేయకుండుట పిల్లలు చేయగల వైద్యము.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పవలసియున్నది. కార్టిసోన్ జాతి మందులను జనులు స్టీరాయిడ్లు అందురు. వైద్యుని పర్యవేక్షణలో అవి ప్రాణరక్షకములు. అయితే కీళ్ల నొప్పికి ఒక్క సూదితో లేపెదమని పేరు చెప్పక ఇచ్చు మందులలో ఇవి యుండుట కలదు. మొదటి దినము రోగి లేచి నడచును. అందుచేతనే మరల మరల అడుగును. మాసములు గడచినకొలది మొగము ఉబ్బును, ఎముకలు గుల్లబారును, రక్తమున చక్కెర హెచ్చును. వెలుపలినుండి వచ్చు హార్మోనును చూచి అధివృక్క గ్రంథులు తమ పనిని మానివేయును. అటువంటి స్థితిలో మందును హఠాత్తుగా ఆపుట గూడ ప్రమాదమే. ఏ సూది వేయుచున్నారో దాని పేరును కాగితముపై వ్రాయించుకొనుట రోగి హక్కు.

కీళ్లవాతమునకు నేడు ముందుగా ఇచ్చు మందు మెథోట్రెక్సేట్. ఇది హార్మోను గాదు. తెల్లకణముల విజృంభణమును అణచును. అయినను దీని పుట్టుకతో మన తెలుగువానికి సంబంధము గలదు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ పరిశోధనాలయమునకు నాయకుడై యుండగా, ఫోలిక్ ఆమ్లమునకు విరోధులగు అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ అను ద్రవ్యములు అక్కడ తయారైనవి. పిల్లల రక్తకాన్సరునకు అవి మొదట పనికివచ్చినవి. సుబ్బారావుగారు 1948 ఆగస్టులో మరణించిరి. హెంచ్ గారి రోగి లేచి నడచినది ఆ మరుసటి మాసముననే.

ఇక బాలికల తల్లులకు, ఉపాధ్యాయినులకు చెప్పవలసిన విషయము మిగిలినది. నెలసరి నొప్పి మనము వివరించిన ఈ యంత్రమునకు మన యిండ్లలోనే నెలనెల కనబడు ఉదాహరణము. ప్రొజెస్టరోన్ అను హార్మోను పడిపోగానే గర్భాశయపు లోపొర ప్రోస్టాగ్లాండిన్లను విస్తారముగా విడుచును. వానివలన గర్భాశయకండరము గట్టిగా బిగిసి దానికి రక్తము తగ్గును. అచ్చటి నొప్పినాడుల గడియలు వదులగును. ఆస్పిరిన్ వలెనే ప్రోస్టాగ్లాండిన్లను ఆపు ఐబుప్రోఫెన్, మెఫినమిక్ ఆమ్లము మొదలగునవి ఈ నొప్పికి పనిచేయుటకు కారణమిదే. నొప్పి ముదిరిన పిమ్మటకన్న మొదలగుచుండగనే వైద్యుడు చెప్పిన మోతాదును ఆహారముతో తీసికొనిన గుణము హెచ్చు. కడుపులో పుండ్లు, ఆస్తమా, మూత్రపిండముల జబ్బు గలవారు అడుగక వాడరాదు. ఆ దినమున తరగతిలో బల్లపై తల వాల్చిన బాలికను సోమరి యనుట న్యాయము కాదు. మందునకును లొంగక నెలనెలకు హెచ్చు నొప్పియో, బడి మానిపించు నొప్పియో యైనచో స్త్రీవైద్యురాలికి చూపవలెను. గర్భాశయపు లోపొరవంటి కణజాలము వెలుపల పెరుగు ఎండోమెట్రియోసిస్ అను జబ్బు కావచ్చును. ఇది అనేకులలో ఏండ్ల తరబడి గుర్తింపబడక యుండుటకు "ఆడపిల్లలకు ఇది మామూలే" యను మాట గొప్ప కారణము. వైద్యురాలియొద్దకు పోవునపుడు నొప్పి మొదలైన తేదీ, నెలసరి తేదీ, బడి మానిన దినములు, వాడిన మందు పేరు ఒక నోటుపుస్తకమున మూడు నెలలపాటు వ్రాసికొని పోయిన రోగనిర్ణయము త్వరగా జరుగును. ఈ జబ్బు నొప్పికై ప్రొలాక్టిన్ గ్రాహకమును మూసివేయు ఒక ప్రతిరక్షకమును ఇటీవలి యేండ్లలో రోగులైన స్త్రీలపై పరీక్షించిరి. అది ఇంకను అంగడికి రాలేదు.